రెండు కళ్ళ తాళం

మందుల షాపు పైన రెండు గదుల్లో ముప్పై ఒక్క ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషిని ఆ చుట్టుపక్కల అందరూ టీచరమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు మెట్ల దగ్గర బోర్డు మీద ఉండేది గానీ, ఎండకీ వానకీ వెలిసిపోయాక దాన్ని మళ్ళీ రాయించాలన్న ఆలోచన ఆమెకే రాలేదు. పదకొండు మిషన్లు, ఒక గోడ గడియారం, ఒక అట్టముక్క, ఇదీ ఆమె సరంజామా. కొత్తగా చేరినవాళ్ళ వేళ్ళు వాళ్ళ కళ్ళకు కనబడకుండా అడ్డం పెట్టడానికి ఆ అట్టముక్క. కళ్ళు కాగితం మీద ఉండాలి, వేళ్ళు వాటి దారిన అవి పోవాలి అనేది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు, పదకొండింటికి నూనె వేసేసరికే పొద్దుగూకుతోంది, పన్నెండోదాన్ని ఎక్కడ పెట్టుకోను అని జవాబిచ్చేది.

గొంతు బొంగురుపోయిన రోజుల్లో పాఠం ఆగిపోకూడదని డిక్టేషన్ అంతా క్యాసెట్లలోకి ఎక్కించి పెట్టింది. మొత్తం ఎనిమిది. నిమిషానికి ముప్పై మాటలది ఒకటి, నలభై అయిదుది ఒకటి, అలా. అన్నీ ఆఫీసు ఉత్తరాలే. ‘అయ్యా, తమరు పంపిన లేఖ అందినది, కామా, అందలి విషయములు గ్రహించితిమి, ఫుల్‌స్టాపు.’ కాలక్రమంలో టైపు మిషన్లు తగ్గి కంప్యూటర్లు వచ్చాయి. ఆ క్యాసెట్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

యాభై ఎనిమిదో ఏట ఒకనాటి ఉదయం, ఒకమ్మాయి వెనక నిలబడి తప్పు చూపిస్తూ ఉండగా చేతిలో అట్టముక్క జారింది. తీసుకోవడానికి వంగింది. మళ్ళీ లేవలేదు.

మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట రక్తం గడ్డకట్టిందన్నారు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి కాలు, చెయ్యి, మెడ, నాలుక, ఏదీ ఆమె మాట వినడం లేదు. వినబడటం మాత్రం ఇదివరకటిలాగే వినబడుతోంది. మనిషి లోపల లేదని డాక్టర్లు చెల్లెలితో చెప్పడం వింది. ఆశ పెట్టుకోవద్దని మరిదిగారితో చెప్పడం వింది. చూడటానికి వచ్చిన మందుల షాపాయన, పైనున్న గదులు ఖాళీ అయితే ఎవరికివ్వాలా అని మంచం పక్కనే నిలబడి మాట్లాడటమూ వింది. పద్దెనిమిది రోజులు అందరూ ఆమె ఎదుటే, కుర్చీలను గురించి మాట్లాడుకున్నట్టు ఆమెను గురించి మాట్లాడుకున్నారు.

పందొమ్మిదో రోజున చెల్లెలు తల దువ్వుతూ తనలో తాను ఏదో చెప్పుకుంటోంది. ఆమెకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు, మాట లేకుండా పనిచేయడం అసలే చేతకాదు. “ఆ గోడ మీద చూశావా అక్కా, నిశ్శబ్దానికి శావత్తు పెట్టలేదు, పైగా బ్ద బదులు బ్ధ రాశారు. నువ్వయితే మళ్ళీ కొట్టించేదానివి,” అంది. టీచరమ్మ కళ్ళు పైకి, ఆ బోర్డు మీదికి వెళ్ళాయి. దిగి చెల్లెలి ముఖం మీదికి వచ్చాయి. మళ్ళీ పైకి వెళ్ళాయి. చెల్లెలు దువ్వెన వదిలేసి పరుగెత్తింది.

అప్పటినుంచీ పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు. మాటల డాక్టరమ్మ అని పిలుచుకునే ఒకావిడ, పలుకు పోయినవాళ్ళకు దారి చూపడమే ఆవిడ పని, వచ్చి అక్షరాల పలక ఇచ్చింది. గాజులా కనబడే ప్లాస్టిక్ పలక మీద అచ్చులు, హల్లులు వరసలుగా రాసి ఉంటాయి. ఎదుటివాళ్ళు ఒక్కో వరస చూపిస్తూ పోతే సరైన చోట ఆమె పైకి చూడాలి. ‘నీళ్ళు’ అన్న మాటకు నాలుగు నిమిషాలు పట్టేది. ఆ నాలుగు నిమిషాలూ చెల్లెలు ఊపిరి బిగబట్టి కూర్చునేది.

టీచరమ్మను చెల్లెలు తన ఇంటికే తీసుకెళ్ళింది. ముందుగదిలో సోఫా తీసేసి మంచం వేశారు. మరిదిగారు నోరు విప్పి ఏమీ అనలేదు గానీ, ఆ సోఫా ఎక్కడ పెట్టాలో తెలియక నెల రోజులు ఇల్లంతా తిప్పాడు. ఆరు నెలలకు కళ్ళు పక్కలకు కూడా కదలడం మొదలయ్యాక మాటల డాక్టరమ్మ చూపుతో మాట్లాడే మిషన్ తెప్పించింది. కళ్ళెదుట చిన్న తెర, దాని కింద ఒక కెమెరా. తెర మీది అక్షరం మీద ఒక్క క్షణం చూపు నిలిపితే అది పడుతుంది. వాక్యం పూర్తయ్యాక చివర ఉన్న గుర్తును చూస్తే మిషన్ పైకి చదువుతుంది. మీటల వైపు చూడొద్దని మూడు దశాబ్దాలు జనం ప్రాణం తీసిన మనిషి ఇప్పుడు ఒక్కో మీటనూ గుడ్లప్పగించి చూడాలి. ఆ మిషన్‌తో ఆమె పలికించిన మొదటి పెద్ద వాక్యం అదే, ‘నా విద్యార్థులెవరికీ ఈ సంగతి చెప్పవద్దు.’ మాటల డాక్టరమ్మ నవ్వలేక ముఖం పక్కకు తిప్పుకుంది.

గొంతు సంగతి ఆవిడే తలపెట్టింది. పాత రికార్డింగులు ఉంటే వాటినుంచి మనిషి గొంతు తయారుచేసేవాళ్ళు ఉన్నారంది. ఎనిమిది క్యాసెట్లూ వెళ్ళాయి. వాటిలో రెండు అరిగి దారంలా ఊడొచ్చాయట, మిగిలినవాటితో సరిపెట్టారు. ఒక మధ్యాహ్నం మిషన్‌లోంచి టీచరమ్మ గొంతు వచ్చేసరికి చెల్లెలు చేటలో పప్పు అలాగే వదిలేసి గుమ్మంలో నిలబడిపోయింది. గొంతయితే అచ్చంగా ఆమెదే. కాకపోతే ఆఫీసు ఉత్తరాల్లోంచి పుట్టింది కాబట్టి ప్రతి మాటా ఉత్తరంలాగే ఉండేది. ‘టీ చల్లారినది’ అన్నట్టే పలికేది ‘టీ చల్లారింది’ని కూడా. మరిదిగారు, వదినగారి నుంచి ఉత్తర్వు వచ్చిందోయ్ అని వంటింట్లోకి కేకేసేవాడు. ఆ ఇంట్లో ఏడెనిమిది నెలలు నవ్వు వినబడింది.

ఆదివారాలు ఒక పాత విద్యార్థిని వచ్చేది. కోర్టులో టైపిస్టు. ఎక్కువ మాట్లాడదు. మిషన్ పక్కన కూర్చుని, టీచరమ్మ వాక్యం కూర్చేదాకా ఎంతసేపైనా కదలకుండా ఆగేది. మధ్యలో అందుకోకుండా వినగలిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆదివారం కోసం టీచరమ్మ శుక్రవారం నుంచే మాటలు కూర్చి దాచుకునేది.

చెల్లెలికి నడుము నొప్పి ముదిరింది ఆ రోజుల్లోనే. రోజుకు ఆరుసార్లు అక్కను పక్కకు తిప్పాలి, పొట్టలోకి గొట్టంతో ఆహారం పంపాలి, పక్కబట్టలు మార్చాలి. ఆదివారం ఎవరైనా వస్తున్నారంటే ఇల్లు సర్దాలి, నవ్వు ముఖం పెట్టాలి. ఒక శనివారం కోర్టు టైపిస్టు ఫోన్ చేసింది. టీచరమ్మ లోపలి గదిలో స్నానపు మంచం మీద ఉంది, ఆయా ఒళ్ళు తుడుస్తోంది. ముందుగదిలో మిషన్ దగ్గర చెల్లెలు ఉంది. తన గొంతుతో రావద్దంటే బాగుండదనుకుందో ఏమో, మిషన్ తెర ముందు కూర్చుని తన కళ్ళతో రెండు ముక్కలు కూర్చింది. టీచరమ్మకు గోడ అవతలినుంచి తన గొంతు వినబడింది.

‘ఈ ఆదివారం రావద్దు. నాకు విశ్రాంతి కావలెను.’

అరవడానికి లేదు, లేవడానికి లేదు. ఆయా ఆమె ఎడమచెయ్యి తుడుస్తూ, నీళ్ళు వేడిగా ఉన్నాయా అమ్మా అని అడిగింది.

ఆ సాయంత్రం మిషన్ ముందుకు వచ్చాక టీచరమ్మ గంటసేపు కష్టపడి ఒకే మాట కూర్చింది. ‘నా గొంతు నాది. నువ్వు ముట్టుకోవద్దు.’ ఆఫీసు ఉత్తరం గొంతులో ఆ మాట ఇంకా కఠినంగా పలికింది. చెల్లెలు తప్పయిపోయింది అక్కా అంది. వారం రోజులు తలవంచుకునే పనులు చేసింది.

టీచరమ్మ అంతటితో ఆగలేదు. మిషన్ కంపెనీ ఇంజనీరును పిలిపించింది. కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయంలో సన్నటి గీతలుంటాయనీ, అవి ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవనీ అతను చెప్పాడు. మిషన్ ముందుగా ఆమె రెండు కళ్ళనూ చూస్తుంది, ఆమెవే అయితేనే తెరుచుకుంటుంది, మరొకరు కూర్చుంటే అక్షరమైనా పడదు. ఆ తాళమే పెట్టించుకుంది, గొంతు కూడా దాని వెనకే ఉంటుంది. గొంతు తయారుచేసినవాళ్ళ దగ్గర ఉన్న నకళ్ళు, ఆ క్యాసెట్లతో సహా, చెరిపేయించమని టీచరమ్మ అడిగింది. అక్కరకొస్తాయేమో ఆలోచించుకోండి అని ఇంజనీరు అన్నాడు. అక్కర్లేదని పలికించింది. కోపంలో ఉన్న మనిషి. వాళ్ళు చెరిపేసి, చెరిపేశామని ఉత్తరం కూడా పంపారు.

చలికాలం వచ్చేసరికి కుడికన్ను ఎర్రబడటం మొదలైంది. ఆ వైపు రెప్ప పూర్తిగా మూతపడదు. చుక్కల మందులు వేశారు, రాత్రుళ్ళు టేపు అతికించారు. అయినా ఎండిపోయి నల్లగుడ్డు మీద పుండు పడింది. కంటి డాక్టరు చూసి, ఇలాగే వదిలేస్తే చూపు పోతుంది, రెప్పలు రెంటినీ బయటివైపు నుంచి సగానికి పైగా కలిపి కుట్టేయాలి అన్నాడు. కన్ను బతుకుతుంది, చీలికలాగా కాస్త తెరిచి ఉంటుంది. ఆమెనే అడిగాడు పాపం, ఇంట్లోవాళ్ళను కాదు. టీచరమ్మ మిషన్‌తో ఒక్కటే ప్రశ్న వేసింది, ఒంటికన్నుతో మిషన్ వాడుకోగలనా అని. ఇంజనీరుకు ఫోన్ చేసి అడిగారు. వాడుకోవచ్చు, చూపు పట్టడానికి ఒక కన్ను చాలు అన్నాడతను. అది అబద్ధం కాదు. తాళం సంగతి ఆ పూట ఎవరికీ తట్టలేదు. అతనికీ తట్టలేదు, మాటల డాక్టరమ్మకూ తట్టలేదు, టీచరమ్మకూ తట్టలేదు.

కుట్లు వేయించుకుని ఇంటికి వచ్చిన నాలుగో రోజు మిషన్‌ను మంచం ముందుకు తెచ్చారు. తెర వెలిగింది. కంపెనీ వాళ్ళ యంత్రపు గొంతు, ‘మిమ్మల్ని గుర్తించలేకపోయాను, దయచేసి రెండు కళ్ళతో నేరుగా చూడండి,’ అంది. టీచరమ్మ నేరుగానే చూసింది. ఆమెకు వేరేగా చూడటం చేతకాదు కూడా. మళ్ళీ అదే మాట. చెల్లెలు తెర తుడిచింది. దీపం మార్చింది. మంచం ఎత్తు పెంచింది. కుట్టిన రెప్పను వేలితో కాస్త పైకి లాగబోయి, అక్క ఎడమకంట నీరు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. కంగారులో తన ముఖం పెట్టి చూసింది. మరిదిగారు కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశాడు. పదోసారికి తెర నల్లబడి, భద్రత కోసం మిషన్‌ను మూసివేశామని ఒక వరస రాసింది. ఆ పదింట్లో టీచరమ్మవి నాలుగే. ఆమె అన్నీ లెక్కపెడుతూనే ఉంది. ఆపమని చెప్పడానికే మిషన్ కావాలి.

కంపెనీ ఫోన్‌లో మాట్లాడినావిడ ఎంతో మర్యాదగా మాట్లాడింది. చెల్లెలు స్పీకర్ పెట్టింది కాబట్టి టీచరమ్మ అంతా విన్నది.

“రిజిస్టరైన వ్యక్తి స్వయంగా ఒక్క మాట చెబితే చాలమ్మా, వెంటనే తెరిచేస్తాం.”

“ఆవిడ మాట్లాడలేదు కాబట్టే కదండీ ఆ మిషన్ తీసుకున్నది.”

“అర్థమైందమ్మా. పోనీ సంతకం చేసి పంపగలరా?”

“చెయ్యి కదిలితే ఇంత దూరం ఎందుకొస్తామండీ.”

“అర్థమైందమ్మా,” అందావిడ. ఆ ఫోన్ ముగిసేలోగా ఆ మాట తొమ్మిదిసార్లు అంది. చివరికి ఒక దారి ఉందంది, తాళం పెట్టినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరుకు ఒక అంకె పంపుతాం, అది చెబితే తెరుచుకుంటుంది. ఆ నంబరు ఇన్‌స్టిట్యూట్‌ది. తాళం పెట్టాక కొన్నాళ్ళకు ఆ గదులు ఖాళీ చేసి, మెట్ల దగ్గర బోర్డు తీసేసిన నెలలోనే ఆ నంబరు కూడా పోయింది. చెల్లెలు దానికి చేసి చూసింది. ఎవరో మగమనిషి ఎత్తి, రాంగ్ నంబరని పెట్టేశాడు. రెండోసారి కథంతా చెప్పబోతే, అంకెలు అడిగేవాళ్ళంతా దొంగలేనమ్మా అని ఫోన్ కట్ చేశాడు. అతన్ని తప్పుపట్టడానికీ లేదు.

ఇక మిగిలింది ఒక్కటే. డాక్టరు సర్టిఫికెట్టు, ఇద్దరు సాక్షులతో అర్జీ పంపితే మిషన్‌ను మొత్తం చెరిపేసి కొత్తగా ఇస్తారు. లోపల ఉన్నవన్నీ పోతాయి. గొంతు కూడానా అని చెల్లెలు అడిగింది. “గొంతు ఆమె కళ్ళతోనే ముడిపడి ఉందమ్మా. అలా పెట్టమని వారే కోరారని ఇక్కడ రాసి ఉంది,” అంది ఆవిడ.

కాగితాలు తిరిగి రావడానికి నలభై ఒక్క రోజులు పట్టింది. మొదటి అర్జీని, రిజిస్టరైన వ్యక్తి సంతకం లేదని వెనక్కి పంపారు. రెండోదాన్ని, సాక్షులిద్దరూ ఒకే ఇంటివారని వెనక్కి పంపారు. మాటల డాక్టరమ్మ పెద్ద ఉత్తరం రాసింది. ఇంజనీరు తన పైవాళ్ళతో పోట్లాడాడట. టీచరమ్మ మాత్రం కిటికీవైపు తల పెట్టి ఉంటే కిటికీని, గోడవైపు పెట్టి ఉంటే గోడను చూస్తూ ఉండేది.

మళ్ళీ అక్షరాల పలక దింపారు. ఒంటికన్నుతో వరస పట్టుకోవడం కష్టంగా ఉండేది, కన్ను త్వరగా అలిసిపోయేది. చెల్లెలికి పొద్దున్నే చేయాల్సిన పనులు కొండలా ఉండేవి. మొదటి అక్షరం పడగానే మాట తనే అందుకునేది. చాలాసార్లు సరిగ్గానే అందుకునేది కూడా. ఒక మధ్యాహ్నం టీచరమ్మ చెవి మీద చీమ పాకుతోంది. చెవి దగ్గర మొదలై లోపలికి, బయటికి, మళ్ళీ లోపలికి. ఎంతోసేపు తలుపు వైపు చూడగా చూడగా చెల్లెలు వచ్చింది. పలక పట్టుకుంది. ‘చ’ వరస దగ్గర టీచరమ్మ పైకి చూసింది. తర్వాత ఎత్వం దగ్గర పైకి చూసింది.

చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. “చెల్లీ అంటున్నావా అక్కా?” అంది. ఆ శనివారం తర్వాత అక్క తనను అలా పిలవలేదు. “నామీద కోపం పోయిందా?”

టీచరమ్మ ఆ ముఖాన్ని చూసింది. చీమ చెవి లోపలి మడతలో తిరుగుతోంది. కిందికి చూస్తే కాదని. ఆమె పైకి చూసింది. చెల్లెలు పలక పక్కన పెట్టేసి, అక్క చేతిమీద ముఖం ఆనించుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, ఉతికిన బట్టలు ఆరేయడానికి వెళ్ళిపోయింది.

ఆమె మీద కోపం నిజంగానే ఎప్పుడో పోయింది. అదీ టీచరమ్మ బాధ. తాళం పెట్టించిన రెండు నెలలకే చెల్లెలికి ఒక ఉత్తరం మొదలుపెట్టింది. రోజుకు రెండు వరసలు, బాగోలేనివి కొట్టేస్తూ, కామాలు సరిచూసుకుంటూ. ఆసుపత్రిలో దువ్వెన వదిలేసి పరుగెత్తిన సంగతి రాసింది. రోజుకు ఆరుసార్లు తనను తిప్పే ఆ నడుము సంగతి రాసింది. ఒక్క పేరా మిగిలి ఉంది. పూర్తయ్యాక తన గొంతుతో చదివించాలనుకుంది. అది ఆ మిషన్‌లోనే ఉంది, తాళం వెనక. పలక మీద మళ్ళీ చెప్పొచ్చు కదా అంటే, పలక పట్టుకునేది చెల్లెలే. తన ఉత్తరాన్ని తనే అక్షరం అక్షరం అందుకుంటూ, మధ్యలో మాటలు పూరించుకుంటూ చదువుకోవాలి. ఆ పని ఆమె చేత చేయించడానికి టీచరమ్మకు మనసొప్పలేదు. కోర్టు టైపిస్టు చేత రాయిద్దామనుకుంది. ఆమెకు వేరే ఊరు బదిలీ అయిందని తెలిసింది.

అర్జీ ఒప్పుకున్నాక ఇంజనీరు వచ్చాడు. చెరిపేముందు నిబంధన ప్రకారం ఇద్దరు సాక్షుల ఎదుట ఆమెనే అడగాలి. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“టీచరుగారూ, ఇది నొక్కితే లోపల ఉన్నది ఏదీ మళ్ళీ రాదండి. మీ గొంతు కూడా. నొక్కమంటారా?”

ఆమె వెంటనే పైకి చూడలేకపోయింది. నొక్కొద్దంటే గొంతు ఉంటుంది, ఆ నల్ల తెర వెనక, ఎవరికీ వినబడకుండా. ఇంజనీరు తొందరపెట్టలేదు. చెల్లెలు కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. టీచరమ్మ పైకి చూసింది. అతను సాక్షుల వైపు తిరిగి, చూశారు కదండీ అని అడిగి, నొక్కాడు.

ఒక్క కన్నుతో మిషన్ మళ్ళీ తెరుచుకుంది. ఈసారి తాళం పెట్టమంటారా అని అడిగాడతను. ఎడమ రెప్ప కూడా బిగుతు తగ్గుతోందని కంటి డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఆమె కిందికి చూసింది. కంపెనీ గొంతుల్లో ఏది కావాలో ఎంచుకోమని నాలుగు వినిపించాడు. నాలుగూ పాతికేళ్ళ పిల్లల గొంతులే, నవ్వుతూ మాట్లాడుతున్నట్టు ఉన్నాయి. రెండోది అంది. అలా అనడానికి కారణమేమీ లేదు.

మర్నాటి నుంచే ఉత్తరం మళ్ళీ రాయాలని కూర్చుంది. మొదటి వరస కూర్చి ఒకసారి పలికించి చూసింది. ‘చెల్లీ, ఇది నీకు నేను ఎప్పుడో చెప్పవలసింది,’ అని ఎవరో అమ్మాయి హుషారుగా అంది, షాపులో కొత్త సరుకు వచ్చిందని చెప్పినట్టు. టీచరమ్మ ఆ వరసను చూసి చూసి, ఒక్కో అక్షరమే కొట్టేసింది.

అవసరాలకు మాత్రం మిషన్ బాగానే పనికొస్తోంది. నీళ్ళు, దుప్పటి, ఫ్యాను. మొన్న ఒక సాయంత్రం కిటికీలోంచి ఎండ నేరుగా ఎడమకంట్లో పడుతోంది. ‘చెల్లీ, పరదా వెయ్యి,’ అని పలికించింది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగలేదు. మళ్ళీ పలికించింది. మరిదిగారు పక్కగదిలోంచి, ఆ టీవీ కాస్త తగ్గించు అన్నాడు. చెల్లెలు వంటింట్లోంచే, టీవీ నేను పెట్టలేదే అంది.

టీచరమ్మ మూడోసారి పలికించలేదు. కన్ను మూసుకుని, చెల్లెలు గిన్నెలు బోర్లించి చేతులు తుడుచుకుని తనంతట తాను వచ్చేదాకా ఆగింది.